యాభై నిమిషాల్లో పన్నెండు మంది: ఒక లైవ్ టీవీ నాటకం కథ

హెన్రీ ఫోండా నటించిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' చూడని సినిమా పిచ్చోళ్ళు తక్కువ. చూడనివాళ్ళకి కూడా కథ ఎక్కడో చెవిన పడే ఉంటుంది. ఒక గది, పన్నెండు మంది జ్యూరీ సభ్యులు, కన్నతండ్రిని పొడిచి చంపాడని ఓ కుర్రాడి మీద కేసు. పదకొండు మంది దోషి అని చేతులెత్తితే ఒక్కడు మాత్రం ఎత్తడు. అది 1957 నాటి సినిమా. దానికి మూడేళ్ళ ముందే, 1954 సెప్టెంబరు 20 సోమవారం రాత్రి, న్యూయార్కులోని సీబీఎస్ స్టూడియో నుంచి ఇదే కథ టీవీ నాటకంగా లైవ్‌లో వెళ్ళింది. సినిమా గురించి రాసేవాళ్ళు ఈ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్ళిపోతుంటారు. అలా దాటేయాల్సిన విషయం కాదిది. సినిమాలో మనం తెగ మెచ్చుకునే ఆ ఒకే గది, ఆ పేర్లు లేని మనుషులు, ఊపిరాడనివ్వని ఆ బిగింపు, ఇవన్నీ ఆ రోజుల్లో టీవీకి ఉన్న ఇబ్బందుల్లోంచి పుట్టినవే. ఆ ఇబ్బందులు తీరిపోయి సినిమాగా వచ్చినప్పుడు కథకి చాలా కలిసొచ్చాయి కానీ, ఒకటి మాత్రం చేజారింది. దాని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి.

ముందు ఆ టీవీ ఎలా ఉండేదో కాస్త చెప్పుకోవాలి. 1950ల మొదట్లో అమెరికా టీవీలో యాంథాలజీ డ్రామాల హవా నడిచింది. అంటే సీరియల్ కాదు. వారం వారం అదే టైముకి అదే కార్యక్రమం, కానీ ప్రతి వారం కొత్త కథ, కొత్త పాత్రలు, కొత్త నటులు. క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్, ఫిల్కో టెలివిజన్ ప్లేహౌస్ అలాంటివే. పేర్లలోనే ఉంది చూడండి, ఒకదాని వెనక జున్ను అమ్మే కంపెనీ, ఇంకోదాని వెనక రేడియోలూ టీవీలూ అమ్మే కంపెనీ. మన నాటకం వచ్చిన 'స్టూడియో వన్' అనేది 1947లో సీబీఎస్ రేడియోలో మొదలై, 1948 నవంబరులో టీవీకి వచ్చి, 1958 దాకా నడిచింది. దాని స్పాన్సర్ వెస్టింగ్‌హౌస్, ఫ్రిజ్‌లూ స్టవ్‌లూ బల్బులూ చేసే కంపెనీ. గంట కార్యక్రమంలో ప్రకటనలూ పేర్లూ పోను కథకి మిగిలేది యాభై నిమిషాలు, అటూ ఇటూగా.

ఆ యాభై నిమిషాలూ లైవ్. వీడియో టేపు ఇంకా రాలేదు, ఆంపెక్స్ కంపెనీ యంత్రం 1956లో కానీ బయటికి రాలేదు. కాబట్టి నటుడు డైలాగ్ మరిచిపోతే దేశమంతా చూస్తుంది, బూమ్ మైకు నీడ గోడ మీద పడితే అదీ చూస్తుంది. మధ్యలో వచ్చే ప్రకటనలు కూడా లైవే. అదే 1954లో ఓ ప్రకటనలో వెస్టింగ్‌హౌస్ ఫ్రిజ్ తలుపు ఎంత సులువుగా తెరుచుకుంటుందో చూపించబోతే అది ససేమిరా తెరుచుకోలేదు, పాపం ఆ అమ్మాయి నవ్వు చెదరకుండా గుంజుతూనే ఉంది. ఎప్పుడూ ఆ ప్రకటనలు చేసే బెట్టీ ఫర్నెస్ అనే నటి ఆ రోజు అక్కడ లేనే లేదు, ఆమె బదులు జూన్ గ్రాహమ్ అనే ఇంకో నటి వచ్చింది, అయినా ఆ పరువు నష్టం ఏళ్ళ తరబడి ఫర్నెస్ ఖాతాలోనే పడింది!

ఇలాంటి చోట కథ రాసేవాడు ఏం చెయ్యాలి? మన పరిషత్తు పోటీలకి నాటిక రాసేవాళ్ళని అడిగితే టక్కున చెప్తారు. ఒకటే సెట్టు పెట్టుకో, కాలం దూకించకు, బట్టలు మార్చే పని పెట్టకు, మనుషుల్ని మాటల్తో కొట్టించు. గుర్రాలూ యుద్ధాలూ హాలీవుడ్‌కి వదిలేసి, టీవీ రచయితలు వంటింట్లోకీ ఆఫీసుల్లోకీ సందుల్లోకీ దూరింది అందుకే. 1953 మే నెలలో ఫిల్కో ప్లేహౌస్‌లో వచ్చిన ప్యాడీ చయెఫ్‌స్కీ నాటకం 'మార్టీ' దీనికి మంచి ఉదాహరణ. పెళ్ళి కాని ఓ లావుపాటి మాంసం కొట్టువాడి కథ అది. రెండేళ్ళలో సినిమాగా తీస్తే ఉత్తమ చిత్రం ఆస్కార్ కొట్టుకొచ్చింది.

ఈ నాటకం రాసిన రెజినాల్డ్ రోజ్ ఆ రోజుల్లో ముప్పై దాటిన న్యూయార్కు కుర్రాడు, అంతకుముందు ప్రకటనలకి కాపీ రాసేవాడు. 1954లో ఆయనకి జ్యూరీ పిలుపు వచ్చింది. ఓ హత్యానేరం కేసు, అంటే పథకం ప్రకారం చేసిన హత్య కాదు, ఆవేశంలోనో మరోలానో ప్రాణం పోయిన కేసు. తలుపేసిన గదిలో పన్నెండు మంది ఎనిమిది గంటలు కొట్టుకున్నంత పని చేశారట. కోర్టు హాల్లో జరిగేది అందరికీ కనిపిస్తుంది, ఆ గదిలో జరిగేది ఎవరికీ కనిపించదు. పైగా ఒకటే సెట్టు. స్టూడియో వన్‌కి రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

జ్యూరీ పద్ధతి మనకి అలవాటు తప్పి చాలా కాలమైంది కాబట్టి ఒక ముక్క. చట్టం చదవని మామూలు జనంలోంచి పన్నెండు మందిని పిలిచి కూర్చోబెడతారు. సాక్ష్యాలన్నీ విన్నాక వాళ్ళు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని దోషా కాదా తేల్చాలి. ఆ పన్నెండూ ఒకే మాట మీదకి రావాలి. పదకొండు-ఒకటి అంటే తీర్పు కాదు. ఎంతకీ కుదరకపోతే జ్యూరీ తేల్చలేకపోయిందని చెప్పి మళ్ళీ మొదట్నుంచి విచారణ. ఈ ఏకాభిప్రాయం అనే రూలు లేకపోతే కథే లేదు. మెజారిటీ చాలు అనుంటే మొదటి ఓటుతోనే కుర్రాడు విద్యుత్ కుర్చీకి వెళ్ళేవాడు, టీవీవాళ్ళు మిగతా నలభై ఐదు నిమిషాలూ ఫ్రిజ్‌లు అమ్ముకునేవాళ్ళు.

టీవీ నాటకం జ్యూరీ సభ్యుల ముఖాలతో మొదలవుతుంది, వాళ్ళకి సూచనలు ఇస్తున్న జడ్జి గొంతు మాత్రం వినిపిస్తుంటుంది. వెంటనే గది. ఇక అక్కడ్నుంచి కదలదు. సినిమాలో లాగా కోర్టు మెట్లూ వరండాలూ లేవు, బెదురుగా చూసే కుర్రాడి ముఖం మీద క్లోజప్ లేదు. ఈ చివరిది చిన్న తేడా కాదు. సినిమాలో దర్శకుడు సిడ్నీ లూమెట్ ఆ కళ్ళు ఒక్కసారి చూపించేసరికే మనం సగం కుర్రాడి పక్షం అయిపోతాం, ఆ తర్వాత లాజిక్ ఎటు పోయినా మనసు అటే లాగుతుంది. టీవీ నాటకంలో అతను మనకి కూడా, ఆ పన్నెండు మందికి లాగే, కాగితం మీది కేసే.

ఇప్పుడు లెక్క చూడండి. యాభై నిమిషాలు, మారాల్సినవాళ్ళు పదకొండు మంది. మనిషికి నాలుగున్నర నిమిషాలు. అందులోనే కేసు చెప్పాలి, కత్తి సంగతి చెప్పాలి, కింది అంతస్తు ముసలాయన కాలీడ్చుకుంటూ తలుపు దాకా ఎంతసేపట్లో రాగలడో నడిచి చూపించాలి, ఎదురు బిల్డింగులోంచి చూశానన్న ఆవిడ కళ్ళద్దాల సంగతి తేల్చాలి, మధ్యలో రెండుసార్లు ప్రకటనకి దారివ్వాలి. అందుకే రోజ్ పన్నెండు మందికీ పేర్లు పెట్టలేదు, నంబర్లే. పేరు పెడితే పరిచయం చెయ్యాలి, పరిచయం చేస్తే టైము పోతుంది. ఒక్కొక్కడికీ ఒక్క గుర్తు ఇచ్చాడు. ఏడో నంబరువాడికి ఆ రాత్రి షో టికెట్ల తొందర, నాలుగో నంబరుకి లెక్క తప్పని బుర్ర, మూడో నంబరుకి కొడుకుతో చెడిన మనసు, పదకొండో నంబరుకి వలస వచ్చినవాడి యాస. వ్యాకరణం పుస్తకంలో ఉదాహరణల్లా ఉన్నారని తిట్టినవాళ్ళూ ఉన్నారు, అందులో నిజం లేకపోలేదు. ఇద్దరు ముగ్గురు మనసు మార్చుకోవడం మరీ బస్సు మారినంత సులువుగా అయిపోతుంది, ముఖ్యంగా రెండో అంకం తర్వాత, ఎందుకంటే గడియారం తరుముతోంది. సినిమాకి 96 నిమిషాలు దొరికాక రోజ్ చేసిన మొదటి మేలు అదే, ఆ మార్పులకి ఊపిరి తీసుకునే చోటిచ్చాడు.

కానీ ఆ తొందరలో ఒక లాభం కూడా ఉంది. నాటకంలో మనుషులు ఆలోచించుకుని మాట్లాడినట్టుండదు. నోటికొచ్చింది అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నట్టుంటుంది. ఎనిమిదో నంబరువాణ్ణి 'చంపేస్తా' అని మూడో నంబరు మీదమీదకి రావడం, ఆ మాట కోపంలో ఎవరైనా అంటారు కానీ అన్నంత మాత్రాన చంపరు కదా అని గదిలో అందరికీ ఒకేసారి వెలగడం, ఇది లైవ్‌లో చూస్తే వేరు. నటుడు నిజంగానే రొప్పుతున్నాడు. రెండో టేకు లేదని అతనికీ తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు.

దర్శకుడు ఫ్రాంక్లిన్ షాఫ్‌నర్. తర్వాత 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' తీశాడు, 'పాటన్'కి ఆస్కార్ తీసుకున్నాడు. ఆయన ముందున్న సమస్య ఇలాంటిది: ఒక బల్ల చుట్టూ పన్నెండు మంది, ఒక్కోటీ చక్రాల బండంత ఉండి వెనకాల తాడులా కేబుల్ ఈడ్చుకుంటూ తిరిగే కెమెరాలు, ఒక కెమెరా ఇంకో కెమెరా కంట పడకూడదు, ఎవడు మాట్లాడితే వాడి ముఖం ఆ క్షణంలో దొరకాలి. సినిమాలో లూమెట్ తెలివిగా లెన్సులు మార్చుకుంటూ పోయాడు, మొదట కంటి మట్టానికి పైనుంచి, తర్వాత మట్టంలో, చివరికి కిందనుంచి, గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించేలా. అది ముక్కలు ముక్కలుగా తీసేవాడికి దొరికే సుఖం. షాఫ్‌నర్‌కి అది లేదు. ఆయన చేసింది మనుషుల్ని కదపడం. ఒకడు కిటికీ దగ్గరికి వెళ్తాడు, ఇద్దరు లేస్తారు, ఒకడి భుజం మీంచి ఇంకొకడి ముఖం. కెమెరా వాళ్ళ మధ్యలోంచి సందు చేసుకుని దూరుతుంది. నేటి కంటికి ఫ్రేములు ఇరుకుగా, కొన్ని చోట్ల తడబడినట్టుగా కనిపిస్తాయి. పదమూడో మనిషి ఎవరో ఆ గదిలో కుర్చీ లేక అటూ ఇటూ తిరుగుతూ వింటున్నాడా అనిపిస్తుంది, అది మాత్రం సినిమాలో లేదు.

ఇక అసలు విషయం. ఎనిమిదో నంబరు.

టీవీలో ఆ పాత్ర రాబర్ట్ కమ్మింగ్స్ వేశాడు. ఆ పేరు ఇప్పుడు ఎవరికీ పెద్దగా గుర్తులేదు. హాయిగా నవ్వించే వేషాలకి పేరుపడ్డవాడు, కొన్ని నెలల్లోనే తన పేరు మీదే కామెడీ షో మొదలుపెట్టినవాడు. అలాంటివాణ్ణి ఈ పాత్రకి పెట్టడం పొరపాటు ఎంపిక అనిపిస్తుంది కానీ అక్కడే ఉంది మజా. కమ్మింగ్స్ ఎనిమిదో నంబరుకి తన మీద తనకే నమ్మకం లేదు. చెయ్యెత్తకపోవడానికి కారణం అడిగితే సరిగ్గా చెప్పలేడు, నీళ్ళు నములుతాడు, గొంతు పెంచాల్సిన చోట వణుకుతాడు. కుర్రాడు చంపలేదని అతను ఎక్కడా అనడు, అతనికి తెలియదు కూడా. తెలియదు అన్న మాటని పదకొండు మంది ఎదురుగా గట్టిగా అనడానికి ఎంత ఇబ్బందో అతని ముఖం మీద కనిపిస్తుంది. ఆఫీసు మీటింగులో అందరూ సరే అన్నాక 'ఒక్క నిమిషం' అన్నవాడి పరిస్థితే.

హెన్రీ ఫోండా అలా కాదు. 1957 నాటికి ఆయన ముఖమే ఒక నిజాయితీ సర్టిఫికెట్. కిటికీ దగ్గర తెల్ల సూటులో నిలబడ్డాడంటే చాలు, ఇతనే కరెక్టు, మిగతావాళ్ళు ఎప్పుడు తెలుసుకుంటారా అని చూస్తాం. గొప్ప నటన, అందులో వాదన లేదు. కానీ కథ మారిపోయింది. టీవీలో అది అనుమానం గురించిన కథ, సినిమాలో ఒక మంచివాడి గెలుపు కథ. న్యాయం అనేది ఎవడో హీరో వల్ల జరగదు, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే సాదాసీదా మనిషి ఒకడుంటే జరగొచ్చు, లేకపోతే జరక్కపోవచ్చు అన్న భయం టీవీ నాటకంలో ఉంది. సినిమాలో ఆ భయం పోయింది. ఫోండా ఉండగా మనకి టెన్షన్ ఏముంటుంది? సినిమా చివర కోర్టు మెట్ల మీద ఎనిమిదో నంబరూ తొమ్మిదో నంబరూ పేర్లు చెప్పుకుని విడిపోయే ఆ చిన్న సీను కూడా హీరోకి పెట్టిన దండలాంటిదే. నాటకంలో ఎవరి పేరూ ఎవరికీ తెలియదు.

ఇంతవరకూ చెప్పినవి డబ్బూ గడియారమూ పెట్టిన ఇబ్బందులు. స్పాన్సర్ పెట్టినవి వేరే. ఇది అర్థం కావాలంటే అదే 1954 మార్చిలో స్టూడియో వన్‌లోనే వచ్చిన రోజ్ నాటకం 'థండర్ ఆన్ సికమోర్ స్ట్రీట్' దగ్గరికి వెళ్ళాలి. షికాగో పక్కనున్న సిసెరోలో 1951లో ఓ నల్లజాతి కుటుంబం తెల్లవాళ్ళ పేటలో ఇల్లు తీసుకుంటే వేల మంది చుట్టుముట్టి బిల్డింగుని ధ్వంసం చేశారు. రోజ్ రాసింది ఆ సంఘటన చూసే. కానీ దక్షిణాది రాష్ట్రాల ప్రేక్షకులు కోప్పడితే ఫ్రిజ్‌లు ఎవరు కొంటారు? నల్లజాతి కుటుంబం కుదరదన్నారు. రోజ్ ఆ ఇంటాయన్ని జైలుకెళ్ళొచ్చిన మనిషిగా మార్చాడు, కానీ ఒక మెలిక పెట్టాడు. ఆ పేటవాళ్ళకి అతని మీద ఎందుకంత కోపమో చివరి దాకా ప్రేక్షకులకి చెప్పలేదు. దాంతో చూసేవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. వెస్టింగ్‌హౌస్‌ని ఒక్కణ్ణే అనడం కూడా సరికాదు, అందరూ అదే బాపతు. ప్లేహౌస్ 90 అనే ఇంకో కార్యక్రమంలో 1959లో న్యూరెంబర్గ్ విచారణ నాటకం వేస్తే, గ్యాస్ కంపెనీల సంఘం స్పాన్సర్ కాబట్టి నాజీల గ్యాస్ చాంబర్ల ప్రస్తావన వచ్చిన చోట మాట వినపడకుండా శబ్దం నొక్కేశారు. లక్షల మందిని ఎలా చంపారో చెప్పకూడదట, పొయ్యిల అమ్మకం తగ్గుతుందని.

సెప్టెంబరు నాటికి రోజ్ ఆ పాఠం బాగా ఒంటబట్టించుకున్నాడు. ఈ నాటకంలో కుర్రాడిది ఏ జాతో ఎవరూ చెప్పరు. మురికివాడ పిల్లాడు అంతే. పదో నంబరు మాత్రం 'వాళ్ళు', 'వాళ్ళంతా ఇంతే' అంటూనే ఉంటాడు. చివరికి నోరు పూర్తిగా తెరిచి 'వాళ్ళ' గురించి విషం కక్కుతుంటే మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి అతనికి దూరంగా జరుగుతారు. 1930ల, 40ల సినిమాల్లో డబ్బు మదం పట్టిన పెద్దమనుషుల వేషాలు వేసిన ఎడ్వర్డ్ ఆర్నాల్డ్ ఆ పదో నంబరు. ఆ గొంతు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. 'వాళ్ళు' అంటే ఎవరు? ప్యూర్టోరికోవాళ్ళు అనుకోవచ్చు, నల్లవాళ్ళు అనుకోవచ్చు. స్కూళ్ళలో జాతుల వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో తీర్పిచ్చి నాలుగు నెలలే అయిన దేశంలో ఆ మాట ఖాళీగా వేలాడుతుంటే ఎవరి బుర్రలో ఎవరు నిలబడ్డారో ఊహించడం కష్టమేం కాదు.

దీన్ని తెలివి అనాలా, పిరికితనం అనాలా? రెండూ కొంత కొంత. పేరు చెప్పకపోవడం వల్లనే ఆ 'వాళ్ళు' అనే మాట ఏ దేశంలోనైనా అతుకుతోంది. మన దగ్గర ఆ ఖాళీలో ఏ కులమో మతమో పెట్టుకుని చూడండి, డైలాగ్ ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అలాగని ఇది రచయిత కళాత్మకంగా కోరుకున్న మౌనం అని పొగిడేయడం అబద్ధం. ఫ్రిజ్‌ల కంపెనీకి భయపడి మొదలైన మౌనం అది. పైగా ఆ గదిలో ఉన్న పన్నెండు మందీ తెల్లవాళ్ళే, మగవాళ్ళే. న్యూయార్కులో ఆడవాళ్ళు జ్యూరీలో కూర్చునే హక్కు 1937 నుంచే ఉంది, ఇష్టం లేకపోతే తప్పుకునే వీలు కూడా ఉండేది. నాటకం ఆ సంగతి పట్టించుకోలేదు.

పదకొండో నంబరు గురించి చెప్పకుండా ముందుకెళ్ళడం అన్యాయం. ఆ వేషం వేసిన జార్జ్ వోస్కోవెక్ చెక్ దేశపు నాటకరంగంలో పెద్ద పేరున్న కమెడియన్. నాజీల దెబ్బకి అమెరికా పారిపోయి వచ్చాడు, యుద్ధం అయ్యాక తిరిగి వెళ్ళాడు, అక్కడ కమ్యూనిస్టులు రాగానే మళ్ళీ బయటపడ్డాడు. తీరా 1950లో అమెరికాలో అడుగుపెట్టబోతే, నువ్వే కమ్యూనిస్టువేమో అని ఎల్లిస్ ఐలాండ్‌లో నెలల తరబడి నిర్బంధించారు. అలాంటి మనిషి నాలుగేళ్ళ తర్వాత లైవ్ టీవీలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఓ మనిషి నేరం చేశాడా లేదా అని తేల్చడానికి మనల్ని పిలవడం ఎంత గొప్ప విషయమో అన్న ధోరణిలో మాట్లాడుతున్నాడు. ఆ ఏడాది వేసవి దాకా, కమ్యూనిస్టుల వేటతో పేరుపడ్డ సెనేటర్ మెకార్తీ విచారణలు టీవీలో చూసిన జనం ముందు! అనుమానం వస్తే చాలు దోషే అని ఊగిపోతున్న రోజుల్లో, అనుమానం ఉంటే వదిలేయాలి అని చెప్పే నాటకం ఇది. మెకార్తీ పేరు ఎక్కడా రాదు, రానివ్వరు కూడా. వోస్కోవెక్ యాస ఆ పని చేసి పెట్టింది. తొమ్మిదో నంబరు ముసలాయనగా వేసిన జోసెఫ్ స్వీనీ, ఈయన, ఇద్దరే టీవీ నుంచి సినిమాకి కూడా అవే పాత్రల్లో వెళ్ళారు.

కథలో ఒక పెద్ద బొక్క ఉంది, టీవీలోనూ సినిమాలోనూ. ఇలాంటి కత్తి ఇంకోటి దొరకదు అని సాక్ష్యం చెప్తే, ఎనిమిదో నంబరు జేబులోంచి అచ్చం అలాంటి కత్తే తీసి బల్ల మీద గుచ్చుతాడు. చూడ్డానికి అదిరిపోయే సీను. చట్టం ప్రకారం మాత్రం ఘోరం. జ్యూరీ సభ్యుడు కోర్టులో పెట్టిన సాక్ష్యం మాత్రమే చూడాలి, సొంతంగా బజారుకెళ్ళి పరిశోధన చెయ్యకూడదు. విషయం బయటపడితే విచారణే రద్దవుతుంది. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి సోనియా సోటోమేయర్ కాలేజీ రోజుల్లో ఈ సినిమా చూసి లా వైపు మొగ్గారు, 2010లో ఆ సంగతి చెప్తూనే, తాను కింది కోర్టులో ఉన్నప్పుడు జ్యూరీలకి ఆ సినిమాలో చేసినట్టు చెయ్యొద్దని చెప్పేదాన్నని కూడా అన్నారు. ఇంకోటి, ఆ పన్నెండు మంది కలిసి నేరం చేసినవాణ్ణే వదిలేశారేమో కూడా. నాటకం ఆ తలుపు మూయదు. నిజానికి కుర్రాడి లాయరు కోర్టులో అడగాల్సిన ప్రశ్నలన్నీ జ్యూరీ గదిలో అడుగుతున్నారంటే, ఆ లాయరు ఎంత నాసిరకమో, డబ్బులేనివాడికి ఎలాంటి లాయరు దొరుకుతాడో అన్నది ఇందులో దాగున్న రెండో నాటకం. రోజ్‌కి ఆ బాకీ గుర్తుందో ఏమో, తర్వాత స్టూడియో వన్‌కే రాసిన లాయర్ల కథని పెంచి 1961 నుంచి నాలుగేళ్ళు నడిచిన 'ది డిఫెండర్స్' సీరీస్ చేశాడు.

ఆ ఏడాదికి ఈ నాటకం మూడు ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, గెలుచుకుంది, రోజ్‌కి, షాఫ్‌నర్‌కి, కమ్మింగ్స్‌కి. ఫోండా, రోజ్ కలిసి నిర్మించిన సినిమాకి మూడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి కానీ చేతికేం రాలేదు, థియేటర్లలో డబ్బులూ రాలేదు. ఈలోగా లైవ్ నాటకాల రోజులూ అయిపోవచ్చాయి. 1955లో 64,000 డాలర్ల క్విజ్ షో మొదలయ్యాక స్పాన్సర్లకి కళ్ళు తెరుచుకున్నాయి, తక్కువ ఖర్చు, ఎక్కువ జనం, గొడవ పెట్టే రచయితలు లేరు. ఫిల్ముతో తీసిన సీరియల్స్‌ని మళ్ళీ మళ్ళీ వేసి డబ్బు చేసుకోవచ్చు. స్టూడియో వన్ 1958లో హాలీవుడ్‌కి మకాం మార్చి ఆ ఏడాదే మూతపడింది.

ఆ లైవ్ ప్రసారం ఈ రోజు మనకి ఎలా దొరుకుతోంది అంటే కినెస్కోప్ వల్ల. టీవీ తెర ముందు ఫిల్ము కెమెరా పెట్టి తీసిన కాపీ అది, మసకగా ఉంటుంది. ఈ నాటకానిది దశాబ్దాల పాటు మొదటి సగమే దొరికింది. అంటే ఎమ్మీ గెలిచిన నాటకంలో కుర్రాడి సంగతి ఏమైందో చూద్దామంటే లేదు! పూర్తి కాపీ 2003లో బయటపడింది, అదీ న్యూయార్కులో లాయరుగా ఉండి తర్వాత జడ్జి అయిన శామ్యూల్ లీబోవిట్జ్ సామాన్లలో. ఈయన ఎవరో కాదు, అలబామాలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ళని తప్పుడు అత్యాచారం కేసులో ఇరికించిన స్కాట్స్‌బరో కేసులో వాళ్ళ తరఫున నిలబడ్డ లాయరు. జ్యూరీల్లోకి నల్లవాళ్ళని రానివ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమని 1935లో సుప్రీంకోర్టు చేత చెప్పించింది ఆయన వాదనే. జాతి ఊసెత్తలేకపోయిన ఈ నాటకం చివరి సగం అరశతాబ్దం ఆయన ఇంట్లో పడి ఉంది.

మనవైపు ఇది హిందీలో వచ్చింది, బాసు చటర్జీ 1986లో తీసిన 'ఏక్ రుకా హువా ఫైస్లా'. కత్తి, ముసలాయన, కళ్ళద్దాలు, అన్నీ దించేశారు. పంకజ్ కపూర్ మూడో నంబరుగా రెచ్చిపోయాడు, కె.కె. రైనా ఎనిమిదో నంబరు ఫోండా కంటే కమ్మింగ్స్‌కే దగ్గరగా, గొంతు తగ్గించి మాట్లాడే మనిషి. అయితే ఒక చిక్కుంది. మన దేశంలో అప్పటికి జ్యూరీయే లేదు. 1959లో నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో బొంబాయి జ్యూరీ ఎనిమిది-ఒకటి తేడాతో నిర్దోషి అంటే, ఆ మాట ఒప్పుకోలేక సెషన్స్ జడ్జి కేసుని హైకోర్టుకి పంపాడు, హైకోర్టు శిక్ష వేసింది, సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి జ్యూరీ ముచ్చటే తీసేశారు. మరి ఆ హిందీ గదిలో పన్నెండు మంది ఏ చట్టం కింద కూర్చున్నారో సినిమా చెప్పదు, చూసేవాళ్ళలో ఎవరూ అడిగినట్టూ లేదు. ఆ నానావతి జ్యూరీ గదిలో కూడా ఒకడు ఎదురు చెయ్యి ఎత్తాడు, కాకపోతే అక్కడ ఎనిమిది మంది వదిలేద్దామంటే అతనొక్కడే దోషి అన్నాడు. అక్కడ ఏకాభిప్రాయం రూలు లేదు, అతన్ని ఒప్పించాల్సిన అవసరం మిగతావాళ్ళకి లేకపోయింది.